మైదా జిగురు, మైలుతుత్తం, కాలేజీ ఎలక్షన్లు

మొన్న తెల్లవారుజామున నెల్లూరులో రైలు దిగి ట్రంకురోడ్డు వైపు నడుస్తుంటే ముందు వాసన తగిలింది, మనిషి తరవాత కనబడ్డాడు. ఉడికిన మైదా వాసన. పులిసిన గంజికీ అడుగంటిన జావకీ మధ్యలో ఎక్కడో ఉంటుంది అది. గాంధీబొమ్మ దాటాక ఒక ప్రహరీగోడ దగ్గర, సైకిలు హ్యాండిలుకి బకెట్టు తగిలించుకుని ఓ కుర్రాడు సినిమా పోస్టర్లు అతికిస్తున్నాడు. ఫ్లెక్సీల కాలంలో ఇంకా మైదా ఉడకబెట్టేవాళ్ళున్నారా అని అక్కడే నిలబడిపోయాను.

ఆ వాసనకి నాకు సినిమాలు గుర్తు రావు. కాలేజీ ఎలక్షన్లు గుర్తొస్తాయి. జూలైలో కాలేజీ తెరిచి, అడ్మిషన్ల హడావిడి తగ్గి, ఆగస్టు నెలాఖరుకి నోటీసుబోర్డు మీద ఎలక్షన్ నోటీసు పడేది. ఆ సాయంత్రానికే ఎవరో ఒకరి గదిలో పొయ్యి వెలిగేది.

కాలేజీ యూనియన్ అనగానే అందరూ నాయకుల పేర్లు చెబుతారు, ఉద్యమాలు చెబుతారు. బకెట్లూ, కుంచెలూ, స్టెన్సిళ్ళూ, పాతిక చొప్పున కట్టిన చీటీల కట్టలూ ఎవరికీ పట్టవు. మాలో ఉపన్యాసం ఇచ్చినవాళ్ళు పదిమంది ఉంటే, రాత్రిళ్ళు జిగురు కలిపినవాళ్ళు వందమంది. వాళ్ళ పని గురించే ఇదంతా.

జిగురు

కిలో మైదాకి ఆరేడు లీటర్ల నీళ్ళు. పిండిని నేరుగా మరిగే నీళ్ళలో పోస్తే పని చెడినట్టే. పైపొర ఉడికి ఉండ కడుతుంది, లోపల పొడిపిండి పొడిగానే ఉండిపోతుంది. ఆ ఉండ పోస్టరు కింద పడిందంటే ఎండాక అభ్యర్థి పేరు మధ్యలో కురుపు లేచినట్టు కనబడుతుంది. అందుకని ముందు లీటరు చన్నీళ్ళలో దోసెల పిండిలాగా జారుగా కలుపుకోవాలి. మిగతా నీళ్ళు తెర్లుతున్నప్పుడు సన్నధారగా పోస్తూ కర్రతో తిప్పుతూనే ఉండాలి. పాలలా తెల్లగా ఉన్నది కాసేపటికి గాజుగాజుగా మారుతుంది. కర్ర ఎత్తితే తెగకుండా తీగలాగా జారిందంటే దించెయ్యచ్చు. గోరువెచ్చగా అయ్యేదాకా ఆగాలి. వేడిది పూస్తే న్యూస్‌ప్రింటు కాగితం నాని చేతిలోనే చిరుగుతుంది.

దించాక మైలుతుత్తం, అంటే కాపర్ సల్ఫేట్. బకెట్టుకి బఠాణీ గింజలు రెండు మూడంత చాలు. ఇది వెయ్యకపోతే రెండో రోజుకే జిగురు పులుస్తుంది, మూడో రోజుకి బూజు పడుతుంది. దానికంటే పెద్ద బాధ ఆవులతో. సంతపేట ఆవులకి మైదా రుచి బాగా తెలుసు. అర్ధరాత్రి అతికించిన పోస్టర్లు తెల్లారేసరికి ఆవు మూతి అందినంత ఎత్తు వరకూ మాయం. ‘చైర్మన్ పదవికి’ అన్న పైవరస మిగిలేది, కింద ఉన్న పేరు ఆవు కడుపులోకి పోయేది. తుత్తం చేదుకి అవి ఒకసారి నాకి వదిలేస్తాయి. ఎక్కువ వేస్తే మాత్రం అది విషం. మూగజీవాలకి ప్రమాదమని కొందరు అసలు వేసేవాళ్ళే కాదు. వాళ్ళు పోస్టర్లని ఆరడుగుల ఎత్తున అతికించేవాళ్ళు, ఒకరి భుజాల మీద ఒకరు ఎక్కి.

ఇంకో సంగతి కెమిస్ట్రీ చదివేవాళ్ళు చెబితేగానీ మాకు తెలియలేదు. తుత్తాన్ని ఇనప బకెట్టులో కరిగించకూడదు. ఇనుము తుత్తంలోని రాగిని లాగేసుకుంటుంది. బకెట్టు లోపల ఎర్రటి పూత పడుతుంది, నీళ్ళలో నీలం పోతుంది, తుత్తం వేసిన ఫలితం ఉండదు. మట్టిముంతలో వేడినీళ్ళు పోసి కరిగించి, ఆ నీళ్ళని జిగురులో కలపాలి. ఆ తుత్తం ఎక్కడి నుంచి వచ్చేదో చెప్పను. ల్యాబులో అటెండరు మంచివాడు, అంతే.

అతికించే పద్ధతి కూడా ఉంది. ముందు గోడని చీపురుతో దులపాలి. నాచు పట్టిన గోడ మీద ఎంత పూసినా నిలవదు, ఎండాక నాచుతో సహా ఊడి వస్తుంది. గోడకి ఒక పూత, దాని మీద పోస్టరు పైఅంచు సరిచూసి ఆనించి, తడి కుంచెని మధ్య నుంచి పక్కలకి లాగాలి. పక్కల నుంచి మధ్యకి లాగితే గాలి బుడగై లోపలే ఉండిపోతుంది. చివర్లో పోస్టరు మీద కూడా పల్చటి పూత. చాలామంది ఇదే మానేసేవాళ్ళు, జిగురు దండగని. ఆ పూత లేనిది మధ్యాహ్నం ఎండకి మూలలు చుట్టుకుపోయి గాలికి టపటపా కొట్టుకునేది.

ఎదుటి ప్యానెల్ పోస్టరు మీద మన పోస్టరు వెయ్యకూడదనేది ఎక్కడా రాసిపెట్టని నియమం. దాన్ని ఎవరైనా దాటితే తగువు కొట్లాట దాకా వెళ్ళేది. అందుకే జిగురు ఆరేదాకా ఒకరు అక్కడే కాపలా కూచునేవారు, బీడీలో, టీయో, లోకాభిరామాయణమో.

గోడరాతలు

పోస్టరుకి కాగితం ఖర్చు, ప్రెస్సు ఖర్చు. గోడకి సున్నం ఖర్చే. డబ్బు లేని అభ్యర్థి గోడల్నే నమ్ముకునేవాడు.

రాళ్ళసున్నం ముందురోజు రాత్రే నీళ్ళలో వేసి చల్లార్చాలి. అప్పటికప్పుడు తడిపిన సున్నం గోడ మీద పేలుతుంది, చిన్నచిన్న పెచ్చులు లేస్తాయి. తెల్లారాక గోనెపట్టాలో వడగట్టి, కాస్త నీలిమందు, కరిగించిన వజ్రం (వడ్రంగులు వాడే బంక) కలపాలి. వజ్రం లేని సున్నం, గోడకి ఆనుకున్నవాడి చొక్కాకి అంటుకుంటుంది. కుంచె కొనేది కాదు. ఈతమట్ట చివర జానెడు మేర రాయి మీద పెట్టి నలగ్గొట్టి, రాత్రంతా నానబెడితే పీచు విడుతుంది. వెల్లకి అది చాలు. అక్షరాలకి మాత్రం వెంట్రుకల కుంచె కావాలి.

వెల్ల పూర్తిగా ఆరాలి. ఆరని సున్నం మీద ఎర్రరంగు పెడితే అక్షరం పారుతుంది. ‘గెలిపించండి’ అన్నది దూరం నుంచి చూస్తే మేక కోసిన చోటులా ఉంటుంది. ఆరిన గోడకి ఇద్దరు చెరో చివర నిలబడి, నీలంపొడి అద్దిన నూలుతాడుని బిగబట్టి మధ్యలో పట్టి లాగి వదిలితే గీత పడుతుంది. పైగీత, కిందగీత, ఒత్తుల కోసం ఇంకా కింద మూడోది. ఈ మూడో గీత మరిచిపోయినవాళ్ళ గోడలు చూసి తీరాలి. ‘విద్యార్థుల’ అనే మాటలో ఒత్తులకి చోటు చాలక, కింద మురుగుకాలవ గట్టు మీదికి దిగేవి.

మా వైపు అక్టోబరు సగం దాటాక వానలు మొదలవుతాయి. ఈశాన్య రుతుపవనం నెల్లూరు, ప్రకాశం జిల్లాలకి అసలైన వానకాలం. అప్పుడు రాసిన గోడ వారం నిలవదు. ఎలక్షన్లు ఏదైనా గొడవతో వాయిదా పడి నవంబరుకి జరిగాయంటే రాసినవన్నీ కడుక్కుపోయి, మళ్ళీ సున్నం దగ్గర నుంచి మొదలు. వాయిదా కోరేది ఎప్పుడూ డబ్బున్న ప్యానెలే ఎందుకో నాకు చాలా కాలం తరవాతగానీ బోధపడలేదు.

స్టెన్సిల్ మీద సున్న

కరపత్రాలకి రెండు దారులు. డబ్బుంటే కాలితో తొక్కే ట్రెడిల్ ప్రెస్సు, లేకపోతే చేత్తో తిప్పే సైక్లోస్టైల్. మైనం పూసిన నీలిరంగు స్టెన్సిల్ కాగితం, దాని కింద రేకు, చేతిలో ఉక్కు మొన ఉన్న స్టైలస్. ఆ మొనతో రాస్తే మైనం గీసుకుపోయి అక్షరం పడుతుంది. దాన్ని యంత్రం డోలుకి చుట్టి హ్యాండిల్ తిప్పితే సిరా ఆ గీతల్లోంచి కారి కాగితం మీద అచ్చవుతుంది.

ఇక్కడ తెలుగువాడికి పెద్ద కష్టం ఒకటుంది. మన అక్షరాలన్నీ గుండ్రాలు. సున్నని పూర్తిగా చుట్టేస్తే చుట్టూ తెగి మధ్యభాగం ఊడి పడిపోతుంది. కాగితం మీద ‘సంఘం’లో రెండు సున్నలకి బదులు రెండు నల్లమచ్చలు. ఠ, వ లాంటివి కూడా అంతే. చెయ్యి తిరిగినవాళ్ళు సున్న చుట్టేటప్పుడు పైన వెంట్రుకవాసి సందు వదిలేవాళ్ళు. అచ్చులో సిరా కాస్త పాకి ఆ సందు మూసుకుపోయేది. చూసేవాడికి నిండు సున్న, రాసినవాడికి మాత్రం తెలుసు అది విరిగిన సున్న అని. ప్రతి కాలేజీలో ఈ పని తెలిసినవాళ్ళు ఇద్దరో ముగ్గురో ఉండేవాళ్ళు. పార్టీతో పని లేకుండా రెండు ప్యానెళ్ళూ వాళ్ళ గది తలుపే తట్టేవి. ఒకే చేతిరాతతో రెండువైపులా కరపత్రాలు. చదివేవాళ్ళకి అనుమానం కూడా వచ్చేది కాదు.

తప్పు పడితే దిద్దడానికి ఎర్రటి ద్రవం ఒక సీసాలో ఉండేది, గోళ్ళరంగు వాసన. పూసి, ఊది, ఆరాక మళ్ళీ రాయాలి. చేతిరాత స్టెన్సిల్ మూడు నాలుగు వందల కాపీలకి చుట్టూ చీలడం మొదలుపెడుతుంది. కాగితం గరుకుది కావాలి, సిరాని పీల్చుకునేది. నునుపు కాగితం చవగ్గా దొరికిందని తెచ్చారంటే ఒకదాని సిరా పైదాని వీపుకి అంటుకుని, అన్నీ రెండువైపులా అచ్చేసినట్టు తయారవుతాయి.

మాకు ముందు

యూనియన్లు మొదట్లో ఓట్ల కోసం పుట్టినవి కావు, మాటల కోసం. నెల్లూరులో వెంకటగిరి రాజాల పేరున ఉన్న వి.ఆర్. కళాశాల 1875లో బడిగా మొదలై 1920లో కాలేజీ అయింది. మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీల్లో యూనియన్ అంటే వాదప్రతివాదాల సభ. అధ్యక్షుడి బల్ల మీద గంట, ప్రతిపాదించేవాడు ఒకడు, వ్యతిరేకించేవాడు ఒకడు, ఇంగ్లీషులో. ఒక గంట కొడితే నిమిషం మిగిలింది, రెండు గంటలు కొడితే కూచోవాలి. మా రోజుల వరకూ వక్తృత్వ పోటీల్లో ఆ రెండు గంటల పద్ధతి అలాగే ఉండేది, భాష మాత్రం తెలుగయింది.

పార్టీల వెనకాల నడిచే విద్యార్థి సంఘాలు తరవాత వచ్చాయి. ఏఐఎస్ఎఫ్ 1936లో లక్నోలో పుట్టింది. ఏబీవీపీ 1949, ఎస్ఎఫ్ఐ 1970, ఎన్ఎస్‌యూఐ 1971. తిరుపతిలో శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం 1954లో వచ్చాక నెల్లూరు కాలేజీలు దాని కిందికి వెళ్ళాయి. హాల్‌టికెట్టు ఆలస్యమైనా, మార్కులు తారుమారైనా యూనియన్‌వాళ్ళు తిరుపతి బస్సెక్కాల్సిందే. సగం నాయకత్వం ఆ బస్సుల్లోనే తేలిపోయేది. మన విక్రమ సింహపురి విశ్వవిద్యాలయం వచ్చింది 2008లో. ఒంగోలు వైపువాళ్ళకి 1976లో నాగార్జున విశ్వవిద్యాలయం వచ్చింది.

మా సీనియర్లకి సీనియర్లు 1966 గురించి చెప్పేవాళ్ళు. ‘విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు’ అన్న నాలుగు మాటలు ప్రతి ఊరి గోడకీ ఎక్కిన ఏడు. రాష్ట్రం మొత్తం మీద 32 మంది చనిపోయారు ఆ ఉద్యమంలో. తరవాత ప్రత్యేక ఆంధ్ర రాష్ట్రం కోసం జై ఆంధ్ర ఉద్యమం. 1972 అక్టోబరులో ముల్కీ నిబంధనలు (తెలంగాణ ప్రాంతం ఉద్యోగాలు స్థానికులకే అన్నవి) చెల్లుతాయని సుప్రీంకోర్టు తీర్పు రాగానే కోస్తా కాలేజీలన్నీ ఖాళీ అయ్యాయి. 1973 జనవరికల్లా రాష్ట్రపతి పాలన. నెల్లూరులో ఆ ఉద్యమంలో ముందున్నవాళ్ళలో ఒకరు వి.ఆర్. కళాశాలలో చదివిన ముప్పవరపు వెంకయ్య నాయుడు. చవటపాళెం కుర్రాడు. లా చదవడానికి వాల్తేరు వెళ్ళి 1973–74లో ఆంధ్ర విశ్వవిద్యాలయం కాలేజీల యూనియన్ అధ్యక్షుడయ్యారు. 1978లో ఉదయగిరి ఎమ్మెల్యే, 2017లో ఉపరాష్ట్రపతి. మా రోజుల్లో ప్రతి చైర్మన్ అభ్యర్థీ తనే తరవాతి ఉదయగిరి ఎమ్మెల్యే అనుకునేవాడు. ఆ ఫోజుకి ఖద్దరు చొక్కా ఖర్చు వేరే.

ఓట్ల లెక్క

నామినేషన్ కాగితం అరఠావు. పేరు, తరగతి, పదవి, ప్రతిపాదించేవాడి సంతకం, బలపరిచేవాడి సంతకం, అభ్యర్థి సమ్మతి. చైర్మన్, వైస్ చైర్మన్, సెక్రటరీ, జాయింట్ సెక్రటరీ, ఆటల సెక్రటరీ, సాంస్కృతిక సెక్రటరీ, లేడీస్ రిప్రజెంటేటివ్. తిరస్కరించేది ఎక్కువగా చిన్న కారణాలకే. ఒకే మనిషి ఇద్దరిని ప్రతిపాదించడం, ఫీజు బాకీ, హాజరు తక్కువ. జాగ్రత్తపరులు, అసలుది కొట్టేస్తే పనికొస్తుందని, ప్రతి పదవికీ డమ్మీ నామినేషన్ ఒకటి వేయించేవాళ్ళు. ఉపసంహరణ గడువు సాయంత్రం నాలుగు. మూడున్నరకి ఆ డమ్మీ కుర్రాడు ఎక్కడున్నాడా అని వెతుకులాట. వాడు దొరక్క, పేరు బ్యాలెట్ మీద అలాగే ఉండిపోయి, పాతిక ముప్ఫై ఓట్లు చీల్చి అసలు అభ్యర్థిని ఓడించిన ఏళ్ళున్నాయి.

ఓట్లని మేం మూడు కుప్పలుగా చూసేవాళ్ళం. హాస్టలు, టౌను, రైలు. హాస్టల్లో మెట్టప్రాంతం పిల్లలు, ఉదయగిరి, ఆత్మకూరు, కందుకూరు వైపు నుంచి. ఒక గది పెద్ద ఒప్పుకుంటే నాలుగు ఓట్లూ కలిసే పడేవి. టౌను ఓటు తెలివైనది. అందరికీ సరేనంటుంది, ఎవరికేసిందో చెప్పదు. మూడోది సీజన్ టికెట్ ఓటు. ఉత్తరాన కావలి, బిట్రగుంట, తలమంచి, దక్షిణాన గూడూరు, మనుబోలు, వెంకటాచలం. వీళ్ళు పొద్దున ప్యాసింజర్‌కి దిగి సాయంత్రం ప్యాసింజర్‌కి వెళ్ళిపోతారు. కాలేజీలో దొరకరు. వీళ్ళ కోసం అభ్యర్థులే ఎదురు రైలెక్కేవాళ్ళు. గూడూరు నుంచి నెల్లూరు వచ్చేలోపు పెట్టెపెట్టెకీ తిరిగి, ప్రతి స్టేషనులో దిగి పక్క పెట్టె ఎక్కాలి. ఆ పెట్టెల్లో మాట్లాడ్డం నేర్చుకున్నవాడికి మైకు అక్కర్లేదు.

పోలింగు రోజు ఈ రైలే కొంప ముంచేది. రైలు గంటన్నర ఆలస్యమైతే రెండువందల ఓట్లు గాల్లో ఉన్నట్టే. గడువు పెంచమని ఒక ప్యానెల్, పెంచొద్దని ఇంకో ప్యానెల్, మధ్యలో ప్రిన్సిపాల్.

కులం లెక్క లేదా అంటే ఉండేది. పైకి ఎవరూ అనేవాళ్ళు కాదు, ప్యానెల్ కూర్చేటప్పుడు మాత్రం ఏ పదవికి ఎవరన్నది అదే నిర్ణయించేది. దాన్ని దాచి తియ్యటి జ్ఞాపకాలు రాయడం నాకు ఇష్టం లేదు. అమ్మాయిల ఓట్ల సంగతీ అంతే. లేడీస్ వెయిటింగ్ రూము గుమ్మం దగ్గర నిలబడి, తల వంచుకుని, ‘అక్కా, కాస్త గుర్తుపెట్టుకోండి’ అని కార్డు ఇచ్చి వచ్చెయ్యడమే ప్రచారం. వాళ్ళు మాత్రం లోపల కూచుని అభ్యర్థుల గుణగణాలు మాకంటే బాగా తేల్చేసేవాళ్ళు.

కొన్నేళ్ళు పరోక్ష పద్ధతి నడిచింది. క్లాసుకో ప్రతినిధి, ఆ ప్రతినిధులు కలిసి చైర్మన్‌ని ఎన్నుకోవాలి. గొడవలు తగ్గుతాయని పెట్టారు. వేలమందిని ఒప్పించే పని తప్పి నలభైమందిని దాచే పని మొదలైంది. క్లాసు ప్రతినిధులు ఉన్నట్టుండి తిరుమల మొక్కు తీర్చుకోవడానికి వెళ్ళిపోయేవాళ్ళు. మొక్కు ఎవరిదో, జీపు ఎవరిదో అందరికీ తెలుసు.

పెట్టెలు తెరిచాక

బ్యాలెట్ చీటీలు పదవికో రంగు. చైర్మన్‌కి తెలుపు, సెక్రటరీకి పసుపు, ఇలా. చీటీలన్నీ ఒకే డబ్బాలో వేసినా లెక్కలో రంగు చూసి విడదీసేవాళ్ళు. పేర్లు అక్షరక్రమంలో. అందుకే ‘అ’తో మొదలయ్యే పేరున్నవాడికి పుట్టుకతోనే పది ఓట్లు ఎక్కువ అనేవాళ్ళం. చీటీ వెనక లెక్చరర్ పొడిసంతకం ఉండాలి. హడావిడిలో ఆయన సంతకం మరిచిపోయిన చీటీలే ఆ సాయంత్రం పెద్ద గొడవ. తప్పు ఓటరుది కాదు, చీటీ మాత్రం చెల్లదు.

వేలికి సిరా చుక్క పెట్టేవాళ్ళు గానీ అది మామూలు పెన్ను సిరా. అసలు ఎన్నికల సిరాలో సిల్వర్ నైట్రేట్ ఉంటుంది, మైసూరులో తయారవుతుంది, 1962 నుంచీ అదే వాడుతున్నారు. మా చుక్క నిమ్మకాయ సోడా బండి దగ్గరకి వెళ్ళొచ్చేలోపు పోయేది. అందుకని ఐడెంటిటీ కార్డు మూల కత్తిరించడం మొదలుపెట్టారు.

చీటీని ముందు నిలువుగా మడవాలి. అడ్డంగా మడిస్తే తడి సిరా గుర్తు కింది పేరు మీద అద్దుకుంటుంది, రెండు గుర్తులున్నట్టు కనబడి ఓటు పోతుంది. నిలువుగా మడిస్తే మరక అదే వరసలో పడుతుంది, ఎవరి ఓటో తేలుతుంది. ప్రతి క్లాసులోనూ ఇది చెప్పి చూపించేవాళ్ళం, మడిచి మరీ. అయినా ప్రతి ఏడూ గుప్పెడు పోయేవి.

లెక్కింపు పెద్ద హాల్లో. కిటికీల అవతల వందల తలలు. పెట్టెలు బల్ల మీద బోర్లించి, ముందు చీటీల సంఖ్యని పోలింగు పట్టీతో సరిచూడాలి. ఈ అడుగు దాటేసి నేరుగా లెక్కలోకి దిగితే చివర్లో రెండు చీటీలు ఎక్కువ తేలాయంటే మొత్తం మళ్ళీ మొదటికే. తరవాత పేరుపేరుకీ కుప్ప. పాతిక చీటీలకో కట్ట, రబ్బరుబ్యాండు, పైన చిట్టీ. అనుమానం ఉన్నవి వేరే పళ్ళెంలో, ప్రిన్సిపాల్ ముందు. నల్లబల్ల మీద సుద్దముక్కతో నాలుగు నిలువుగీతలు, అయిదోది అడ్డంగా. ఆ అడ్డగీత పడ్డప్పుడల్లా కిటికీల బయట నుంచి ఒక ‘హో’.

చెల్లనివాటి పళ్ళెం చూడముచ్చటగా ఉండేది. అన్ని పేర్లకీ గుర్తు పెట్టినవాడు, ఎవరికీ పెట్టక సినిమా హీరో పేరు రాసినవాడు, నిజాయితీగా కింద తన సంతకం, రోల్ నంబరు వేసినవాడు. సమానంగా వస్తే చీటీలు తీసేవాళ్ళు. తీసేది ఎప్పుడూ ఆఫీసు అటెండరే, ఆయన చెయ్యి ఎవరి పక్షమూ కాదని ఇద్దరూ ఒప్పుకునేవాళ్ళు.

ఊరేగింపు తప్పెట్లతో, రంగులతో గాంధీబొమ్మ దాకా. ఓడినవాడు ముందుగా వచ్చి దండ వెయ్యడం ఆచారం. వెయ్యనివాడిని ఏడాదంతా వేలెత్తి చూపేవాళ్ళు.

గెలిచాక మిగిలేది

ప్రారంభ సభ, కాలేజీ డే, మ్యాగజైను, ఆటల పోటీలు. డబ్బు ఫీజుతో పాటు వసూలైన యూనియన్ రుసుమే. చైర్మన్ ఒక్కడి సంతకానికి రూపాయి రాదు, సలహాదారు లెక్చరర్ కూడా పెట్టాలి. మూడు కొటేషన్లు, ఓచరు, రెవెన్యూ స్టాంపు. దండలకీ సోడాలకీ కొటేషన్లు ఎవరిస్తారు? అవన్నీ ‘ఇతరములు’ కింద వెళ్ళేవి, ఏడాది చివర ఆ ఇతరములే తల మీదికొచ్చేవి. సొంత జేబులోంచి కట్టిన చైర్మన్లని చూశాం. కట్టకుండా తప్పుకున్నవాళ్ళనీ చూశాం.

మ్యాగజైనుకి ఫొటోల బ్లాకులు, అంటే ఫొటో అచ్చు వేసే లోహపు పలకలు, మద్రాసులో చేయించాలి. అందుకే యూనియన్ గ్రూప్ ఫొటో ఉన్న పేజీ చివరి క్షణం దాకా ఖాళీగా ఉండేది.

గంట

వరండా చివర తాడుకి వేలాడే రైలుపట్టా ముక్క, పక్కన ఇనప కమ్మి. పీరియడ్‌కి ఒక దెబ్బ, ఇంటర్వెల్‌కి రెండు, చివర్న వరసగా. సమ్మె పిలుపు వచ్చిన రోజు, అంటే బస్‌పాసులకో, స్కాలర్‌షిప్పులకో, హాస్టల్ మెస్సు చార్జీలకో, మొదట ఆ గంట దగ్గరికి ఒకడు పరిగెత్తేవాడు. వేళకాని వేళ వరసగా మోగిందంటే ఏం జరుగుతుందో లెక్చరర్లకీ తెలుసు. డస్టరు బల్ల మీద పెట్టి, పాఠం ఆగిన చోట పుస్తకంలో కాగితం ముక్క పెట్టి వెళ్ళిపోయేవాళ్ళు. కొన్ని రోజులకి ఆఫీసువాళ్ళు కమ్మి తీసి లోపల దాచడం మొదలుపెట్టారు. అప్పటి నుంచి పట్టా మీద రాళ్ళతో కొట్టేవాళ్ళు. ఆ మోతలో ఖంగుమనే శబ్దం ఉండదు, టక్కుటక్కుమంటుంది. ఏది మామూలు గంటో ఏది సమ్మె గంటో కళ్ళు మూసుకుని చెప్పచ్చు.

పద్దెనిమిదేళ్ళ ఓటు

1980ల చివర్లో రాష్ట్రంలో కాలేజీ ఎన్నికలు ఆపేశారు. కొట్లాటలు, డబ్బు, బయటి పార్టీల జోక్యం అన్నారు. అందులో అబద్ధం ఏమీ లేదు, కర్రలు తిరిగిన రోజులు మాకూ తెలుసు. అయితే సరిగ్గా ఆ రోజుల్లోనే, 61వ రాజ్యాంగ సవరణతో 1989 మార్చి నుంచి ఓటు వయసు 21 నుంచి 18కి దిగింది. అంతకుముందు బి.ఏ. కుర్రాడికి ఎమ్మెల్యేని ఎన్నుకునే ఓటు లేదు, కాలేజీ చైర్మన్‌ని ఎన్నుకునే ఓటు ఉంది. ఆ తరవాతివాడికి ముఖ్యమంత్రిని మార్చే ఓటు వచ్చింది, తన క్లాసు ప్రతినిధిని ఎన్నుకునే ఓటు పోయింది. మన వైపు కాలేజీల్లో నోటీసుబోర్డు మీద ఆ నోటీసు మళ్ళీ పడలేదు.

2006లో, విద్యార్థి ఎన్నికల మీద వేసిన లింగ్డో కమిటీ నివేదిక ఇచ్చింది, సుప్రీంకోర్టు దాన్ని అమలు చెయ్యమంది. అభ్యర్థి ఖర్చు 5,000 రూపాయలు దాటకూడదు. కాలేజీ తెరిచిన ఆరు నుంచి ఎనిమిది వారాల్లో, నామినేషన్ల నుంచి ఫలితం దాకా పది రోజుల్లో అయిపోవాలి. డిగ్రీ విద్యార్థి వయసు 17–22 మధ్య ఉండాలి. 75 శాతం హాజరు లేదా విశ్వవిద్యాలయం పెట్టిన హాజరు, ఏది ఎక్కువైతే అది. ఆఫీసు బేరర్ పదవికి జీవితంలో ఒక్కసారే పోటీ. ఫలితం వచ్చిన రెండు వారాల్లో లెక్కలు అప్పజెప్పాలి. అచ్చు పోస్టర్లు నిషేధం, చేత్తో తయారు చేసినవే, అవి కూడా కాలేజీ చూపించిన చోటే.

ఈ చివరిది చదివి నవ్వొచ్చింది. చేత్తో రాసే పోస్టర్లకి దేశంలో అనుమతి దొరికేనాటికి, మా ఊళ్ళో మూడో గీత ఎందుకో తెలిసినవాళ్ళు ఇద్దరో ముగ్గురో మిగిలారు.

మళ్ళీ ఆ గోడ దగ్గర

కుర్రాడు కుంచెని పక్కల నుంచి మధ్యకి లాగుతున్నాడు. బుడగ లేచింది. నోరు ఊరుకోలేదు.

"మధ్యలోంచి పక్కలకి లాగు నాయనా. గాలి పోతుంది."

తిరిగి చూశాడు. ఒకసారి అలా లాగి చూశాడు. బుడగ పోయింది.

"తుత్తం వేశావా?"

"లేదు సార్. రేపు పొద్దున మళ్ళా వేరే పోస్టరు ఏస్తాం గదా, ఎందుకది? ఆవులు తింటే తిన్నీ."

నిజమే. వాడి పోస్టరు ఒక్కరోజు ఉంటే చాలు. మాది పోలింగు దాకా ఉండాలి.

"పైన కూడా ఒక పూత వెయ్యి, మూలలు లేవవు," అన్నాను.

బకెట్టులో కుంచె ముంచుతూ నన్ను పైనుంచి కిందిదాకా చూశాడు. అడ్డపంచె కట్టుకున్న, కళ్ళజోడు పెట్టుకున్న ముసలాయనకి ఇవన్నీ ఎట్టా తెలుసా అని కాబోలు.

"మీరు ఏ సినిమా హాల్లో చేసేవోళ్ళు సార్?"